పసిపిల్లలు వస్తువులను లెక్కపెట్టడం నేర్చుకునే తీరు

వస్తువులను లెక్కపెట్టడమంటే ఒక కుప్పలోని ఒక్కో వస్తువుకు ఒక్కో సంఖ్య పేరు వరుస తప్పకుండా చెప్పుకుంటూ పోయి, చివర పలికిన పేరునే కుప్ప మొత్తానికి చెప్పడం. పెద్దలకు ఆలోచన అక్కర్లేని ఈ పనిని పిల్లలు రెండేళ్ళ వయసులో మొదలుపెడతారు. పూర్తిగా అందుకునేసరికి చాలామందికి నాలుగేళ్ళు దగ్గరపడతాయి. నోరు, వేలు, చూపు, జ్ఞాపకం ఒకే అడుగులో నడవాలి. అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేది అర్థం. “ఐదు” అన్నది ఐదో వస్తువు పేరు కాదని, అక్కడున్న వాటన్నిటి లెక్క అని తెలియాలి. “మా వాడికి యాభై దాకా వచ్చు” అని తల్లిదండ్రులు మురిసిపోయేది చాలాసార్లు తొలి మెట్టు చూసే. వరుస అప్పజెప్పడానికీ లెక్క తెలియడానికీ మధ్య ఏడాదికి పైగా దూరం ఉండవచ్చని గత యాభై ఏళ్ళ పరిశోధన చూపిస్తోంది.

మాటలు రాకముందు

సంఖ్యల పేర్లు తెలియని పసికందులకు కూడా ఎక్కువ తక్కువల స్పృహ కొంత ఉంటుంది. ఒకే రకం బొమ్మను పదేపదే చూపితే శిశువుకు విసుగొచ్చి చూపు తిప్పుకుంటుంది, మార్పు కనిపిస్తే మళ్ళీ తేరిపార చూస్తుంది. ఈ చిన్న గమనిక మీద ఒక పరిశోధన రంగమే నిలబడింది. 1980లో స్టార్కీ, కూపర్ రెండు చుక్కలకు, మూడు చుక్కలకు మధ్య తేడాను శిశువులు గుర్తిస్తారని చూపారు. 1992లో కరెన్ విన్ ఐదు నెలల పిల్లల ముందు ఒక బొమ్మను పెట్టి, దానికి తెర అడ్డువేసి, వాళ్ళు చూస్తుండగానే రెండో బొమ్మను తెర వెనక్కి చేర్చింది. తెర తీశాక ఒక్క బొమ్మే కనిపిస్తే పిల్లలు ఎక్కువసేపు చూశారు. రెండు ఉండాలని వాళ్ళు ఎదురుచూశారన్నది ఆమె వివరణ. అది సంఖ్యాజ్ఞానమా, లేక కళ్ళ ముందున్న వస్తువుల జాడ పట్టుకునే శక్తి మాత్రమేనా అన్న వాదం ఇప్పటికీ సాగుతోంది.

పెద్ద గుంపుల విషయంలో పని చేసేది అంచనా. ఫే షూ, ఎలిజబెత్ స్పెల్కీ 2000లో ప్రచురించిన ప్రయోగంలో ఆరు నెలల పిల్లలు 8 చుక్కలనూ 16 చుక్కలనూ వేరుచేయగలిగారు, 8నీ 12నీ వేరుచేయలేకపోయారు. అంటే ఆ వయసుకు ఒకటి రెండోదానికి రెట్టింపైనా ఉండాలి. వయసుతోపాటు ఈ అంచనా పదునెక్కుతుంది.

చిన్న గుంపులది మరో దారి. 2002లో ఫైగెన్సన్, కేరీ, హౌసర్ రెండు డబ్బాల్లో బిస్కట్లను ఒక్కొక్కటిగా వేసి, పాకే పిల్లలు ఎటు వెళతారో చూశారు. పది, పన్నెండు నెలల పిల్లలు ఒకటికంటే రెండును, రెండుకంటే మూడును ఎంచుకున్నారు. రెండు, నాలుగు ఎదురైనప్పుడు మాత్రం ఎటూ తేల్చుకోలేకపోయారు. మూడు దాటితే ఒక్కో వస్తువునూ విడిగా మనసులో ఉంచుకునే చోటు నిండిపోయిందన్నమాట. పెద్దల్లోనూ ఈ హద్దుకు ఆనవాళ్ళున్నాయి. ఇంగ్లీషు ఆర్థికవేత్త స్టాన్లీ జెవన్స్ 1871లో పెట్టెలోకి చిక్కుడు గింజలు విసిరి, లెక్కపెట్టకుండా చూసీచూడగానే సంఖ్య చెప్పుకుంటూ తనను తానే పరీక్షించుకున్నాడు. నాలుగు దాకా పొరపాటు రాలేదు, ఐదు నుంచి మొదలైంది.

ఈ రెండు శక్తుల్లో ఏదీ లెక్కపెట్టడం కాదు. ఒకటి ఉజ్జాయింపు, రెండోది మూడు నాలుగు దగ్గర ఆగిపోతుంది. ఏడుకూ ఎనిమిదికీ మధ్య తేడాను ఖాయంగా చెప్పడానికి మాటలు కావాలి.

పేర్ల వరుస

రెండేళ్ళ పిల్లలు “ఒకటిరెండుమూడునాలుగు” అని గుక్కతిప్పుకోకుండా చెబుతారు. వాళ్ళకది ఒకే పొడుగు మాట. అందులో నాలుగు పేర్లున్నాయన్న సంగతే తెలియకపోవచ్చు. అమెరికన్ పరిశోధకురాలు కరెన్ ఫ్యూసన్ 1980లలో ఈ వరుస ఎలా విడివడుతుందో వివరంగా గమనించింది. మొదట విడదీయలేని గొలుసు, తర్వాత మాటలు విడిపోయినా ఎప్పుడూ “ఒకటి” నుంచే మొదలుపెట్టాల్సిన స్థితి, ఆపైన మధ్యలో ఏ సంఖ్య నుంచైనా అందుకోగలగడం, చివరికి వెనక్కి కూడా చెప్పగలగడం. “నాలుగు తర్వాత ఎంత?” అని అడిగితే ఒకటి నుంచి మెల్లగా చెప్పుకుంటూ వచ్చి “ఐదు” అనే పిల్లలు రెండో స్థితిలో ఉన్నవాళ్ళు. వాళ్ళకు జవాబు తెలియక కాదు, దాన్ని చేరుకునే దారి ఇంకా ఒకటే ఉంది.

పది దాటాక భాష స్వభావం ప్రభావం చూపుతుంది. చైనీస్‌లో పదకొండును “పది ఒకటి” అన్నట్టే చెబుతారు. కెవిన్ మిల్లర్, అతని సహచరులు 1995లో చైనా, అమెరికా పిల్లలను పోల్చినప్పుడు పది దాకా తేడా కనిపించలేదు, పదకొండు నుంచి పంతొమ్మిది మధ్య అమెరికా పిల్లలు వెనకబడ్డారు. తెలుగు చైనీస్‌కూ ఇంగ్లీషుకూ నడుమ ఉంటుంది. పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదిహేను అంటూ పదిని ముందు పెట్టి ఒకట్లను తర్వాత చేరుస్తుంది గానీ, పది రూపం ప్రతిచోటా కాస్త మారుతూ ఉంటుంది. ఇరవై దాటితే ఇబ్బంది లేదు. “ఇరవై ఒకటి, ఇరవై రెండు” అని సూత్రం పట్టుకున్న బిడ్డ తొంభై తొమ్మిది దాకా తనంతట తాను పోగలదు, పదుల పేర్లు గుర్తుంటే చాలు. హిందీ, ఉర్దూల్లో వంద లోపు పేర్లలో చాలా భాగం విడివిడిగా కంఠస్థం చేయాల్సిందే.

ఐదు సూత్రాలు

1978లో రోషెల్ గెల్మన్, సి. ఆర్. గాలిస్టెల్ రాసిన “ది చైల్డ్స్ అండర్‌స్టాండింగ్ ఆఫ్ నంబర్” ఈ రంగానికి పునాది గ్రంథం. సరైన లెక్కింపుకు ఐదు సూత్రాలు కావాలని వాళ్ళన్నారు. ప్రతి వస్తువుకూ ఒక్క పేరే, ప్రతి పేరుకూ ఒక్క వస్తువే. పేర్ల క్రమం ఎప్పుడూ ఒకటే. చివరి పేరే మొత్తం. దేన్నయినా లెక్కించవచ్చు, గులకరాళ్ళనూ చప్పట్లనూ కూడా. ఎటు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు.

క్రమం విషయంలో వాళ్ళు గమనించిన సంగతి ఆసక్తికరం. కొందరు చిన్నపిల్లల వరుస పెద్దల వరుసలా ఉండదు, మధ్యలో పేర్లు ఎగిరిపోతాయి. అయినా అదే బిడ్డ ప్రతిసారీ అదే తప్పు వరుస వాడుతుంది. సూత్రం తెలుసు, పేర్లే ఇంకా పూర్తిగా రాలేదు. పేరు ఏదన్నది ముఖ్యం కాదని మన కళ్ళాల్లోని ఆనవాయితీ కూడా చెబుతుంది. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతకు “ఒకటి” అనకుండా “లాభం” అని, తర్వాత “రెండు” అంటారు. “లాభం” ఎప్పుడూ మొదటి చోటే నిలుస్తుంది గనుక లెక్క తప్పదు.

ఒక్కో వస్తువుకు ఒక్కో పేరన్నది వినడానికి తేలిక, చేయడానికి కష్టం. నోరు వేలికంటే ముందు పరుగెడితే ఒకే గింజకు రెండు పేర్లు పడతాయి. వేలు ముందుకెళితే ఒక గింజ పేరు లేకుండా మిగిలిపోతుంది. గుండ్రంగా పేర్చిన వాటిలో ఎక్కడ మొదలుపెట్టామో మరిచిపోయి రెండో చుట్టు మొదలవుతుంది. లెక్కించినవాటినీ మిగిలినవాటినీ విడిగా ఉంచుకోవడమే ఇక్కడ కిటుకు. అందుకే తాకుతూ లెక్కపెట్టడం చూస్తూ లెక్కపెట్టడంకంటే ముందు కుదురుతుంది. లెక్కించినదాన్ని పక్కకు జరపడం ఇంకా తేలిక. అలిబలి, డిరూసో 1999లో చేసిన అధ్యయనంలో వేలితో చూపడం, తాకడం వల్ల పిల్లల లెక్కలో తప్పులు తగ్గాయి. వేలు పెట్టి లెక్కపెట్టే బిడ్డ చేయి పట్టుకుని ఆపే పెద్దలు ఆమె దగ్గరున్న మంచి పనిముట్టును లాక్కుంటున్నారు.

ఏది “ఒక వస్తువు” అన్నది కూడా పిల్లలకు ముందే తెలిసిన విషయం కాదు. షిప్లీ, షెప్పర్సన్ 1990లో కొన్ని ఫోర్కులు పెట్టి, వాటిలో ఒకదాన్ని రెండు ముక్కలుగా ఉంచి, ఫోర్కులెన్నో చెప్పమన్నారు. బడికి వెళ్ళని వయసు పిల్లలు ముక్కలను వేర్వేరు ఫోర్కులుగా లెక్కపెట్టారు. విడిగా కనిపించేదల్లా ఒకటే అన్నది వాళ్ళ తొలి నియమం.

“ఎన్ని?” అన్న ప్రశ్న

అసలు చిక్కు ఇక్కడుంది. మూడేళ్ళ బిడ్డ ఐదు గవ్వలను తప్పులేకుండా “ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు” అని లెక్కపెడుతుంది. “అయితే ఎన్ని ఉన్నాయమ్మా?” అని అడగ్గానే మళ్ళీ “ఒకటి, రెండు...” అని మొదలుపెడుతుంది. ఆమె దృష్టిలో “ఎన్ని” అంటే ఆ పని చేసి చూపించమని. ఫలితం చెప్పమని కాదు. కొందరు పిల్లలు చివరి మాట చెప్పడం నేర్చుకుంటారు, అదీ అర్థం తెలిసే అనడానికి వీల్లేదు. పెద్దలు మెచ్చుకునే జవాబు ఏదో పట్టేసి ఉండవచ్చు.

దీన్ని తేల్చడానికి కరెన్ విన్ 1990లో వాడిన పరీక్ష చాలా సాదా. పిల్లల ముందు బొమ్మల కుప్ప పెట్టి “నాకు నాలుగు ఇవ్వు” అని అడగడమే. ఫలితాలు చూసినవాళ్ళు నివ్వెరపోయారు. పది దాకా చక్కగా లెక్కపెట్టే పిల్లలు నాలుగు అడిగితే గుప్పెడు తీసి ఇచ్చారు. లెక్కపెట్టి ఇవ్వాలన్న ఆలోచనే వాళ్ళకు రాలేదు.

ఇదే పరీక్షను ఎన్నో దేశాల్లో, ఎన్నో భాషల్లో చేశాక ఒక క్రమం బయటపడింది. మొదట ఏ సంఖ్య అడిగినా తోచినన్ని ఇస్తారు. ఆ తర్వాత, చాలామందికి రెండున్నర, మూడేళ్ళ మధ్య, “ఒకటి” అడిగితే ఖచ్చితంగా ఒకటే ఇస్తారు. రెండు అడిగినా, ఐదు అడిగినా మాత్రం ఒకటి మినహా ఎన్నైనా ఇస్తారు. కొన్ని నెలలు గడిచాక “రెండు” అర్థమవుతుంది. మరికొన్ని నెలలకు “మూడు”, కొందరికి “నాలుగు”. ఇంత నెమ్మదిగా, ఒక్కో సంఖ్యా విడిగా వస్తుంది. ఈ కాలమంతా వరుస మాత్రం పది దాకానో ఇరవై దాకానో నోటికి వచ్చే ఉంటుంది. ఆ తర్వాత ఐదుకు మరి కొన్ని నెలలు, ఆరుకు మరి కొన్ని నెలలు పట్టదు. మూడున్నర, నాలుగేళ్ళ ప్రాంతంలో బిడ్డకు సూత్రం తట్టి, అప్పటికి తనకు వచ్చిన వరుసలో ఏ సంఖ్య అడిగినా లెక్కపెట్టి ఇవ్వడం మొదలుపెడుతుంది. చిన్ననాటి మనసు చేసే ఆవిష్కరణల్లో దీనికంటే పెద్దవి చాలా తక్కువ.

ఎందుకిలా? గెల్మన్ వివరణ ప్రకారం సూత్రాలు పుట్టుకతోనే ఉంటాయి, తప్పులు ఆచరణలోని తడబాట్లు మాత్రమే. సూసన్ కేరీ 2009లో వచ్చిన “ది ఆరిజిన్ ఆఫ్ కాన్సెప్ట్స్”లో వేరే మాట చెప్పింది. పిల్లలు మొదట అర్థం లేని వరుసను నేర్చుకుంటారు. మరోపక్క మూడు నాలుగు వస్తువులను మనసులో పట్టుకునే శక్తి సాయంతో చిన్న సంఖ్యల అర్థం తెలుసుకుంటారు. వరుసలో ఒక మాట ముందుకెళితే గుంపులో ఒక వస్తువు పెరుగుతోందన్న పోలిక కనిపించిన రోజున రెండూ అతుక్కుంటాయి. మెట్లు మెట్లుగా వచ్చే ఫలితాలకు ఈ వివరణే ఎక్కువగా నప్పుతుంది. కానీ ఇదీ సంపూర్ణం కాదు. డేవిడ్సన్, ఎంగ్, బార్నర్ 2012లో చూపినట్టు, అడిగినన్ని లెక్కపెట్టి ఇవ్వగల పిల్లల్లో చాలామంది, పెట్టెలో ఉన్నవాటికి ఒకటి చేరిస్తే వరుసలోని తర్వాతి సంఖ్యే వస్తుందని చెప్పలేకపోయారు. అంటే పద్ధతి పట్టుబడ్డాక కూడా సంఖ్యల నిర్మాణం మెల్లగానే తెలిసివస్తుంది.

పియాజే పరీక్ష

సంఖ్యాభావన మీద తొలి పెద్ద ప్రయోగాలు స్విట్జర్లండ్‌లో జీన్ పియాజేవి. 1941లో అలీనా షెమిన్‌స్కాతో కలిసి ఫ్రెంచిలో ప్రచురించిన గ్రంథంలో ఆయన చేసిన పరీక్ష మన ఉపాధ్యాయ శిక్షణ విద్యార్థులందరికీ తెలిసిందే. ఎదురెదురుగా సమానంగా పేర్చిన రెండు వరుసల్లో ఒకదాన్ని ఎడంగా జరిపితే, ఐదేళ్ళ పిల్లలు ఆ పొడుగు వరుసలోనే ఎక్కువున్నాయంటారు. అమరిక మారినా సంఖ్య మారదన్న పదిలపరచుకునే భావన ఈ తొలి దశలో (పూర్వ ప్రచాలక దశ) ఉండదని, సుమారు ఏడేళ్ళకు గాని రాదని ఆయన తేల్చారు. అంతకుముందు లెక్కపెట్టడమన్నది ఆయనకు దాదాపు చిలకపలుకే.

పిల్లలను ఆయన తక్కువ అంచనా వేశారని తర్వాతి పరిశోధకులు చూపారు. 1974లో మెక్‌గారిగల్, డోనల్డ్సన్ వరుసను తాము జరపకుండా, అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు నటించారు. అప్పుడు నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో చాలా ఎక్కువమంది “రెండూ సమానమే” అన్నారు. పెద్దాయన కావాలని జరిపి, అదే ప్రశ్న రెండోసారి అడిగితే, జవాబు మారాలేమోనని పిల్లలు అనుకోవడం సహజం. ఏ పిల్లల పరీక్షలోనైనా అడిగేవాళ్ళ తీరు జవాబులో కలుస్తుందని ఈ ప్రయోగం గుర్తుచేసింది.

భాష, సమాజం

ఏకవచనం, బహువచనం వేరుగా ఉన్న భాషల పిల్లలకు “ఒకటి” అర్థం త్వరగా వస్తుంది. సార్నెకా, ఆమె సహచరులు 2007లో ఇంగ్లీషు, రష్యన్, జపనీస్ పిల్లలను పోల్చినప్పుడు, నామవాచకాలకు అలాంటి తప్పనిసరి భేదం లేని జపనీస్ పిల్లలు ఈ మెట్టు దగ్గర ఆలస్యమయ్యారు. 2013లో ప్రచురితమైన మరో అధ్యయనంలో, ద్వివచనం ఉన్న స్లొవేనియన్, సౌదీ అరబిక్ పిల్లలు “రెండు”ను ముందుగా అందుకున్నారు. తెలుగులో “లు” చేరే బహువచనం ఉంది కాబట్టి ఒకటికీ అంతకంటే ఎక్కువకూ తేడా మన పిల్లల చెవిన ప్రతి వాక్యంలోనూ పడుతుంది. దీనికి తోడు మనుషులను లెక్కించడానికి వేరే వరుస ఉంది. ఒకరు, ఇద్దరు, ముగ్గురు అంటూ ఏడుగురు దాకా సాగి, ఎనిమిదిమంది దగ్గర తీరు మారుతుంది. “ఇద్దరు అక్కలు” అనాల్సిన చోట “రెండు అక్కలు” అనే పసివాడికి సంఖ్య తెలుసు, ఆ రెండో వరుసే ఇంకా పట్టుబడలేదు.

ఇంట్లో తెలుగు, నర్సరీలో “వన్, టూ, త్రీ” వినే పిల్లలు ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లోనూ, విదేశాల్లోని తెలుగు కుటుంబాల్లోనూ కోకొల్లలు. రెండు భాషల పిల్లల మీద వాగ్నర్, బార్నర్ బృందం 2015లో చేసిన పరిశోధన వాళ్ళ విషయంలో చాలా ఉపయోగకరం. “ఒకటి”, “రెండు”, “మూడు” అర్థాలను పిల్లలు ఏ భాషలోది ఆ భాషలో విడిగా నేర్చుకోవాల్సి వచ్చింది. లెక్కపెట్టే సూత్రం మాత్రం ఒక భాషలో తట్టిందంటే రెండో భాషలోకీ వచ్చేసింది. కనుక ఇంటి భాషలో లెక్కపెట్టించడం బడి లెక్కకు అడ్డు కాదు, తోడు.

బొలీవియా అడవుల్లోని చిమానే తెగ పిల్లలు కూడా ఒకటి, రెండు, మూడు, ఆపైన సూత్రం అన్న మెట్లే ఎక్కుతారని, కాకపోతే చాలా ఆలస్యంగా ఎక్కుతారని 2014 నాటి అధ్యయనం చెప్పింది. పాపువా న్యూగినీలోని ఓక్సాప్మిన్ ప్రజలు ఒక చేతి బొటనవేలి నుంచి భుజం, ముక్కు మీదుగా రెండో చేతి చిటికెన వేలి దాకా 27 శరీర భాగాల పేర్లనే వరుసగా వాడతారని జెఫ్రీ శాక్స్ నమోదు చేశాడు. బ్రెజిల్‌లోని పిరహా భాషలో ఖచ్చితమైన సంఖ్యల పేర్లే లేవు. ఆ పెద్దలు ఎదురుగా ఉన్న వరుసకు సరిపడా వస్తువులను జతగా పెట్టగలిగారు గానీ, దాన్ని మూసేశాక తడబడ్డారు. ఎన్ని ఉన్నాయో గుర్తుపెట్టుకుని మోసుకెళ్ళడానికి పేర్లు ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇల్లు, అంగన్‌వాడీ

షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన సూసన్ లెవిన్ బృందం 44 కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి, పిల్లలకు 14 నుంచి 30 నెలల వయసున్న కాలంలో తల్లిదండ్రుల మాటలను రికార్డు చేసింది. ఆ రికార్డుల్లో ఒక ఇంట్లో సంఖ్యల పేర్లు 4 సార్లే వినిపించాయి, మరో ఇంట్లో 257 సార్లు. ఎక్కువ విన్న పిల్లలు నాలుగేళ్ళకు చేరువయ్యేసరికి సంఖ్యల అర్థం మెరుగ్గా గ్రహించారని 2010లో ప్రకటించారు. మరుసటి ఏడాది వచ్చిన కొనసాగింపు ఇంకా ముఖ్యం. వట్టి వరుస చెప్పడంకంటే కళ్ళెదుట ఉన్న వస్తువులను, అందులోనూ నాలుగు నుంచి పది దాకా ఉన్న గుంపులను, లెక్కపెట్టి చూపడం ఎక్కువ ఫలితమిచ్చింది. “ఇవిగో ఐదు అరటిపళ్ళు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు” అని మొత్తం, లెక్క రెండూ కలిపి చెప్పడమే ఇందులోని పద్ధతి. దీనికి ఖర్చు లేదు, పలక కూడా అక్కర్లేదు.

1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల కింద ఏర్పడిన అంగన్‌వాడీలు మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు, అంటే సరిగ్గా ఈ మెట్లు ఎక్కే వయసు పిల్లలకు, తొలి బడి. 2021లో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ పునాది స్థాయి సంఖ్యాజ్ఞానాన్ని లక్ష్యంగా ప్రకటించింది. అయినా ఎన్నో చోట్ల ఈ వయసు పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించి, అంకెలు దిద్దించడమే చదువుగా చెలామణి అవుతోంది. మూడు అంటే ఎన్నో తెలియని బిడ్డ చేత 3 అంకెను వందసార్లు దిద్దిస్తే వేళ్ళకు నొప్పి తప్ప మిగిలేది లేదు. వరుస రాకూడదని కాదు, అది లేకుండా సూత్రం తట్టదు. దాని పక్కనే గింజలు, గాజులు, మెట్లు, చెప్పుల జతలు కూడా ఉండాలి.

ఆటలతో అన్నీ సాధ్యమనుకోవడమూ పొరపాటే. ప్రథమ్ సంస్థ ఢిల్లీలో నడిపిన బాలబడుల్లో స్పెల్కీ, ఎస్తర్ డఫ్లో తదితరులు చేసిన పెద్ద ప్రయోగం 2017లో వెలువడింది. గణిత ఆటలు ఆడిన పిల్లల్లో ఎక్కువ తక్కువల అంచనా పెరిగింది, ఏడాది తర్వాతా నిలిచింది. కానీ ఒకటో తరగతి లెక్కల్లో ఆ లాభం కనిపించలేదు. అంచనాను సంఖ్యల పేర్లతో, గుర్తులతో ముడిపెట్టే పని ఆటలోనే ఉండాలి.

మన పాత ఆటల్లో అది ఉంది. వామనగుంటల్లో గుంటకొక గింజ చొప్పున వేసుకుంటూ పోవడం ఒకటికొకటి జతపరచడమే. గుంటలో నాలుగు చేరాయని చూడగానే పట్టి “పుంజీ” తీసుకోవడం జెవన్స్ గింజల పరీక్షలోని శక్తే. ఐదారేళ్ళ పిల్లలు పెద్దల పక్కన కూర్చుని ఈ ఆటను పట్టుకోగలరు.

సున్నా

లెక్క ఒకటితో మొదలవుతుంది గనుక సున్నాకు వేలు పెట్టి చూపే చోటే రాదు. అందుకే అది మిగిలిన చిన్న సంఖ్యలకంటే వెనక వస్తుంది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి చాలా ఏళ్ళు భారతదేశంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన విద్యావేత్త మరియా మాంటిస్సోరి తన కదుర్ల పెట్టెలో సున్నాకు కూడా ఒక అర కేటాయించింది. మిగతా అరల్లో అంకెకు తగినన్ని కదుర్లు పెట్టాలి, ఆ అరలో ఏమీ పెట్టకూడదు. వెల్మన్, మిల్లర్ 1986లో గమనించిన ప్రకారం పిల్లలు మొదట 0 అన్న గుర్తు పేరు నేర్చుకుంటారు, తర్వాత అది “ఏమీ లేకపోవడం” అని తెలుసుకుంటారు. అప్పటికీ అన్నిటికంటే చిన్న సంఖ్య ఏదని అడిగితే “ఒకటి” అనే చెబుతారు. సున్నా కూడా ఒక సంఖ్యేనని, అది ఒకటికంటే చిన్నదని ఒప్పుకోవడం బడి వయసు వచ్చాకే.